పోయిన పడవ పాలు

ఎదుటి పక్షం వకీళ్ల చేతుల్లో నేను చాలా ఆయుధాలే చూశాను. కానీ ధైర్యానికి నా పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి రాసిన వ్యాసాన్నే తీసి మా మీద ప్రయోగిస్తారని కలలో కూడా అనుకోలేదు.

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కామమ్మ పడవ కేసు నడుస్తోంది. కామమ్మ మొగుడు మునెయ్య గాలివానలో పడవతో సహా సముద్రంలో పోయాడు. మనిషి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ పడవ చెక్కముక్క కూడా దొరకలేదు. పడవా కామమ్మ పేరు మీదే, దాని బీమా కూడా ఆమె పేరు మీదే. కంపెనీ ఏదో సాకు చెప్పి ఇవ్వనంది. ఆమె తరఫున వకాల్తా పుచ్చుకున్నది నేను, నరేంద్రబాబుని. కొడవలూరులో వరి పండించుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. సముద్రాన్ని గట్టు మీద నిలబడి చూడటమే తప్ప పాదం తడుపుకున్నవాణ్ని కాదు.

బీమా కంపెనీ తరఫున రవి కుమార్ లేచాడు. గొంతు పెంచే మనిషి కాదు. నవ్వుతూ, నమస్కారాలు పెడుతూ గోతిలో దించుతాడు. ఆరోజు కూడా నవ్వుతూనే ఒక లావుపాటి ఇంగ్లీషు పత్రిక తీసి కమిషన్ ప్రెసిడెంటు గారి ముందు పెట్టాడు.

"ఇది బీమా చట్టాల మీద పరిశోధనలు వేసే అంతర్జాతీయ పత్రిక సార్. నార్వే, జపాన్, చిలీ, ఇండియా, నాలుగు దేశాల ప్రొఫెసర్లు కలిసి రాసిన వ్యాసం ఇందులో ఉంది. ఏ ఊరి గురించో తెలుసా సార్? ఫిర్యాదుదారు ఊరి గురించే."

నాకు ఇంకా అర్థం కాలేదు. పైగా ఏదో మనకు పనికొచ్చేదే చదవబోతున్నాడని సంతోషపడ్డాను కూడా.

"ఒక్క ముక్క తెలుగులో చెప్తాను సార్. 'ఈ ఊళ్లో పడవ పోగొట్టుకున్న ఇంటికి మిగతా పడవలన్నీ తమ వేటలోంచి వంతు ఇస్తాయి. ఇది దానం కాదు. బీమాకు ఉండాల్సిన లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. నిస్సందేహంగా ఇది బీమాయే.' ఇక మా పాలసీలో షరతు చూడండి. అదే పడవకు ఇంకో బీమా ఉంటే ముందే చెప్పాలి, చెప్పకపోతే పాలసీ చెల్లదు. ఈమె పడవకు ఇంకో బీమా ఉంది. చెప్పలేదు. నేననే మాట కాదు సార్ ఇది, నాలుగు దేశాలు అంటున్నాయి."

కామమ్మ నా కోటు లాగి, "ఏందంటాడు సారూ?" అంది.

నేను పక్కనే కూర్చున్న సుభాషిణి వైపు తిరిగాను. ఆ నాలుగు దేశాల్లో ఇండియా అంటే ఆమే. చేతిలో ఉన్న మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ, తిప్పుతూ, అట్లాగే ఉండిపోయింది.

సుభాషిణి నెల్లూరులో ఒక లా కాలేజీలో పాఠాలు చెబుతుంది. కొందరికి సినిమాల పిచ్చి ఉన్నట్టు ఈమెకు బీమా చట్టాల పిచ్చి. పెళ్లిభోజనంలో పక్కన కూర్చున్నవాళ్లని కూడా మీ పాలసీలో ఫలానా షరతు ఉందా అని అడిగే రకం. ఆ పిచ్చిలోనే ఇంకో ముగ్గురు దొరికారు ఆమెకు. నార్వే నుంచి ఆస్లౌగ్ అనే పొడుగాటి తెల్లజుట్టు ఆవిడ, జపాన్ నుంచి హిరోసే అనే నెమ్మదైన మనిషి, చిలీ నుంచి ఒక పెద్దాయన. నాలుగూ సముద్రం ఉన్న దేశాలే. చిన్న చిన్న పడవల జాలర్లకు ఏ దేశంలోనూ బీమా సరిగ్గా అందడం లేదు, అందరికీ పనికొచ్చే ఒక నమూనా చట్టం రాద్దామని వాళ్ల తాపత్రయం. నార్వే, జపాన్, చిలీ, నెల్లూరు అని నేను వేళాకోళం చేసేవాణ్ని. కానీ మంచి మనుషులు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ల కోసం వెతికి వెతికి నేనే అలిసిపోయాను.

కామమ్మ వాళ్ల పాలెంలో ఒక కట్టుబాటు ఉందని విని ఆ ముగ్గురూ విమానాలెక్కి వచ్చారు. వాళ్లను పాలెం తీసుకుపోయిన కార్లో ముందు సీటు నాదే, సుభాషిణి బతిమాలితే పోయాను.

తీరంలో ఎక్కడైనా పడవ ఒడ్డుకు రాగానే వేట వంతులు వేస్తారు. మనుషులకు తలా ఒక పాలు, వలకు ఒక పాలు, పడవకు ఒక పాలు. ఈ పాలెంలో దానికి మించి ఇంకోటి ఉంది. ఎవరి పడవైనా సముద్రంలో పోతే, మిగతా పడవలన్నీ వంతులవారీగా ఆ పోయిన పడవకు కూడా పాలు తీస్తాయి. ఆ ఇంటి గడప ముందు తాటాకు బుట్ట పెట్టి ఉంటుంది. అందులో చేపలు పోసి, లోపలికి తొంగి చూడకుండా, "పడవొచ్చింది" అని ఒక్క కేక వేసి వెళ్లిపోవాలి. ఇచ్చినవాడు నిలబడకూడదు. పుచ్చుకున్నవాళ్లు దండం పెట్టకూడదు. మళ్లీ పడవ కొనుక్కునేదాకా, కొనుక్కోలేకపోతే ఆ ఇంట్లో మనిషి ఉన్నంతకాలం, పోయిన పడవ ఇంకా వేటకు పోయి వస్తున్నట్టే లెక్క. పాలు ఎగ్గొట్టిన పడవను ఊరి పెద్దలు వేటకు కదలనివ్వరు. పెద్దలు కూర్చుని వేసే అలాంటి కట్టుబాటును అక్కడ దురాయి అంటారు. దురాయి దాటిన మగాడు ఆ తీరం మీద లేడు.

మొదటిరోజే మమ్మల్ని ముసలమ్మ ఇంటికి తీసుకుపోయారు. పేరు కూడా ముసలమ్మే, ఇప్పుడు వయసు కూడా పేరుకు తగ్గట్టే. ఆమె మొగుడు పడుచుతనంలోనే పడవతో సహా పోయాడు, మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. అయినా ఆమె నుదుట రూపాయంత ఎర్రబొట్టు, రెండు చేతులకూ గాజులు. గడప ముందు బుట్ట. హిరోసే చాలా మర్యాదగా వంగి నమస్కారం పెట్టి ఒక ప్రశ్న అడిగాడు, సుభాషిణి తెలుగులో చెప్పింది: "అవ్వా, నీ పడవ ఎప్పుడు మునిగింది?"

ముసలమ్మ గయ్యిమని లేచింది. "నా పడవ మునిగిందని ఎవురు చెప్పినారు ఆయనకి? పొద్దన్నే గదా పడవొచ్చింది! బుట్టలో వంజరం కనపళ్ళా? కళ్లద్దాలు తుడుచుకోమను!"

సుభాషిణి నవ్వాపుకోలేక ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. హిరోసే నిజంగానే కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆస్లౌగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలమ్మ చెప్పిన ఆ మాటనే తర్వాత వ్యాసం మొదట్లో పెట్టుకున్నారు. బీమా పేరుతో దేశదేశాల వాళ్లు కలిసి చట్టాలు రాసి కంపెనీలు పెట్టి సాధించలేనిది ఈ పాలెం వాళ్లు ఒక తాటాకు బుట్టతో సాధించారని, దాన్ని దయాధర్మమని చిన్నచూపు చూడొద్దని, పేరు పెట్టి బీమా అని పిలిచి గౌరవించాలని వాళ్ల వాదన. గౌరవించారు. ఆ గౌరవమే ఇప్పుడు కామమ్మ మెడకు చుట్టుకుంది.

కమిషన్ నుంచి బయటికొచ్చాక మెట్ల మీదే కామమ్మకు విషయం విడమరిచి చెప్పాను. ఆమె సుభాషిణిని పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ వైపు జాలిగా చూసి, నాతో అంది:

"సారూ, మునెయ్య ఉన్నన్నాళ్లూ మా పడవ అందరి గడపలకీ పాలు పెట్టింది. ముసలమ్మత్త బుట్టలో నా చేత్తో పోసినా. ఇప్పుడు నా గడప ముందర బుట్ట పెట్టుకోని కూసుండా. నాకు చేతులు లేవా, కాళ్లు లేవా? మా మరిది పెంచలు ఉండాడు, పడవుంటే రేపే వేటకి పోతాడు. తీసుకునే గడపగా ఉండలేను సారూ. పెట్టే గడపగా ఉండాల నాకు. దానికోసరమే ఈ కేసు. అర్థమైందా?"

అర్థమైంది. నేను చాలామంది కక్షిదారుల్ని చూశాను, ఇంత సూటిగా తనకేం కావాలో చెప్పినవాళ్లు తక్కువ. ఎట్లాగైనా గెలిపించాలని ఆ మెట్ల మీదే పంతం పట్టాను.

ఆ వారంలోనే మా ఆఫీసులో సుభాషిణి ల్యాప్‌టాప్ పెట్టి మిగతా ముగ్గురినీ తెర మీదికి పిలిచింది. మనకు మధ్యాహ్నం. ఆస్లౌగ్ కాఫీ తాగుతోంది, హిరోసే ఇంటికి పోబోతూ ఆగినట్టున్నాడు, చిలీ పెద్దాయన నిద్రమొహంతో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. విషయం విని ముగ్గురూ కొయ్యబారిపోయారు. తెర చెడిపోయిందేమోనని నేను వైరు కదిపి చూశాను.

ముందుగా ఆస్లౌగ్‌కే నోరు పెగిలింది. "మేము ఆమెకు మంచి చేద్దామని..." అంది, ఇంగ్లీషులో.

"వ్యాసం వెనక్కి తీసుకుంటాం," అంది సుభాషిణి.

"తీసుకుంటే అబద్ధం రాశామని ఒప్పుకున్నట్టు. రాసింది నిజమే కదా," అన్నాడు చిలీ ఆయన.

అక్కడ మొదలైంది. నార్వేలో జాలర్ల పడవ సంఘాలే తర్వాత బీమా కంపెనీలయ్యాయి కాబట్టి ఇది బీమాయేనని ఆస్లౌగ్. జపాన్‌లో పరస్పర సహాయ సంఘాలకు వేరే చట్టం ఉంది కాబట్టి అవునని గానీ కాదని గానీ చెప్పలేమని హిరోసే. చిలీలో ఏముందో ఆయన చెప్పాడు, నాకు అర్థం కాలేదు. ఒక మనిషి పడవ పోయి ఏడుస్తుంటే వీళ్లు బీమా అంటే ఏమిటని పోట్లాడుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ నిర్వచనం మీ దగ్గరే పెట్టుకోండి! అది బీమా కాదని నేను కమిషన్ ముందు ఏం చెప్పాలో అది చెప్పండి చాలు!" అని బల్ల మీద కొట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా బల్ల చప్పుడు అందరికీ అర్థమైంది.

కాసేపటికి హిరోసే నెమ్మదిగా అన్నాడు. బీమా కావాలంటే అన్నిటికన్నా ముందు హక్కు ఉండాలి. పడవ పోయినవాళ్లు పాలు అడిగే హక్కు ఉండాలి, మిగతావాళ్లకు ఇచ్చి తీరాల్సిన బాధ్యత ఉండాలి. హక్కు లేకపోతే అది బీమా కాదు, ఒట్టి మంచితనం. హక్కు లేదని ఊరిపెద్ద ప్రమాణం చేసి చెబితే రవి కుమార్ వాదన నిలవదు. తాము కూడా పత్రికలో సవరణ వేస్తామన్నాడు.

నలుగురూ ఒప్పుకున్నారు. మూడు ఖండాల వాళ్లు ఒక్క మాట మీదికి రావడం నేను చూడటం అదే మొదలు. సుభాషిణి ల్యాప్‌టాప్ మూసి ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రమే ప్రమాణపత్రం టైపు చేయించాను. 'పోయిన పడవకు పాలు అడిగే హక్కు మా ఊళ్లో ఎవరికీ లేదు. ఇవ్వాల్సిన బాధ్యత ఏ పడవకూ లేదు.' అంతే, రెండే ముక్కలు.

పాలెం పెద్దకాపు చిన్నపోలయ్య. పెద్దకాపంటే ఊరిపెద్ద, దురాయి వేసేది ఆయన నోటితోనే. ఎండకూ ఉప్పుకూ నల్లగా మాగిపోయిన మనిషి. గంగమ్మ గుడి అరుగు మీద కూర్చుని వలకు ముడులేస్తున్నాడు. నేను చదివింది విని చేతిలో పని ఆపాడు.

"హక్కు లేదని చెప్పాలా?"

"అవును పెద్దకాపూ."

"అబద్ధం గదా సారూ."

"అబద్ధం కాదు. కోర్టు దృష్టిలో హక్కంటే కోర్టుకెక్కి రాబట్టుకునేది. మీ పాలు కోసం ఎవరైనా కోర్టుకెక్కారా? లేదు. కాబట్టి కోర్టు కంటికి అది హక్కు కాదు."

"కోర్టు కంటికి లేదేమో. గంగమ్మ కంటికి ఉండాది." ఆయన గుడిలోకి తలతిప్పి చూశాడు. "నా కొడుకు పడవనే ఒకసారి పాలు ఎగ్గొట్టినాడని ఒడ్డున కట్టేసినా. హక్కు లేకుంటే ఎందుకు కట్టేసినట్టు?"

"కామమ్మ పడవ దీని మీదే ఉంది పెద్దకాపూ. ఈ మాట నువ్వు చెప్పకపోతే ఆమెకు పడవ రాదు," అన్నాను.

ఆయన వల పక్కన పెట్టి సముద్రం వైపు చూశాడు. చివరికి, "అమాస రానీ సారూ. ఆరోజు ఎవురూ వేటకి పోరు. అందరం కూసోని మాట్లాడుకోని చెప్తాం," అన్నాడు.

అమావాస్య పోయిన మర్నాడే చిన్నపోలయ్య నెల్లూరు వచ్చాడు. తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, నుదుట గంగమ్మ కుంకుమ పెట్టుకుని వచ్చాడు. నోటరీ ముందు ప్రతి మాటా నా చేత రెండేసి సార్లు చదివించుకున్నాడు. సంతకం పెట్టే ముందు, "ఈ దినం తేదీయే గదా వేసినారు? నిన్నటిది కాదు గదా?" అని అడిగాడు. ఈరోజుదే అన్నాను. ముసలాళ్లకు ఉండే చాదస్తం అనుకున్నాను. ఆయన సంతకం పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని, కాఫీ కూడా తాగకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

తర్వాతి వాయిదాకు రవి కుమార్ ఆయన్ని బోనెక్కించాడు.

"పెద్దాయనా, మీ ఊళ్లో పడవ పోయినవాళ్లకి పాలు ఇస్తున్నారా?"

"లేదు సారూ."

"గంగమ్మ మీద ప్రమాణం చేసి చెప్పు."

"గంగమ్మ మీద ప్రమాణంగా చెప్తుండా. ఎవురికీ ఇయ్యటం లేదు. అడిగే హక్కు ఎవురికీ లేదు."

తడబాటు లేదు, కళ్లు దించుకోవడం లేదు. ఈయన ఇంత నిబ్బరంగా అబద్ధం ఆడగలడని నేను అనుకోలేదు, లోపల మెచ్చుకున్నాను కూడా. రవి కుమార్ మొహం చిన్నబోయింది. కంపెనీ మనిషిని పాలెం పంపి చూసి రమ్మన్నారట. ఏ గడప ముందూ బుట్ట లేదని ఆ మనిషి రిపోర్టు ఇచ్చాడు. బుట్టలు దాచేసి ఉంటారు, గడుసువాళ్లు అనుకుని నేను మీసం కింద నవ్వుకున్నాను. హాలు వెనక గోడకు ఆనుకుని కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మునెయ్య గుర్తొచ్చి ఉంటాడనుకున్నాను.

గెలిచాం. కంపెనీ కామమ్మకు పడవ ఖరీదు కట్టి ఇవ్వాల్సిందేనని తీర్పొచ్చింది. రవి కుమార్ నాతో చెయ్యి కలిపి, పైకి అప్పీలుకు పోతాం అన్నాడు, నవ్వుతూనే. పొమ్మన్నాను.

తీర్పు కాపీ నా చేత్తో ఇస్తానని సుభాషిణిని వెంటబెట్టుకుని పాలెం బయల్దేరాను. దారిలో మిఠాయి పొట్లం కట్టించుకున్నాను. పాలెం దగ్గరపడగానే సుభాషిణి ఫోన్లో ఆస్లౌగ్‌ని పిలిచింది. తెర మీద ఆవిడ ఆనందం చూడాలి, చిన్నపిల్లలా చేతులు ఊపుతోంది. "ముందు నాకు ముసలమ్మ గడప చూపించు, బుట్ట చూపించు. నా టేబుల్ మీద ఆవిడ ఫొటోయే ఉంది," అంటోంది.

పడవలు అప్పుడే ఒడ్డుకొస్తున్నాయి. వంతులు వేస్తున్నారు, బేరాలు నడుస్తున్నాయి. ఎప్పటిలాగే గోల. కానీ వీధిలోకి వస్తే ఏదో తక్కువగా ఉంది. ఏమిటో నాకు వెంటనే తెలియలేదు. సగం వీధి నడిచాక తెలిసింది. ఎవరూ "పడవొచ్చింది" అని కేక వెయ్యడం లేదు.

కామమ్మ గడపలో కూర్చుని ఉంది. తీర్పు కాగితం చేతికిచ్చి, "నీ పడవ నీకొస్తుంది కామమ్మా," అన్నాను. తీసుకుంది. మిఠాయి పొట్లం తీసుకోలేదు.

"వస్తాది సారూ. పెంచలు సంబరపడతా ఉండాడు. మరి నేను పాలు ఎవురి గడప ముందర పెట్టేది?"

"అదేం మాట?"

"మీకు తెలీదా?" ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "అమాసనాడు దురాయి వేసినారు గదా. ఇంక ఈ ఊళ్లో ఏ పడవా ఏ గడపకీ పాలు ఇయ్యకూడదని. నేను వద్దని కాళ్లా వేళ్లా పడినా. నాకు పడవొద్దు, కేసొద్దు అన్నా. ఇనలేదు. మునెయ్య పెళ్లానికి పడవ రావాలన్నారు."

సుభాషిణి గోడ పట్టుకుంది.

చిన్నపోలయ్య ఎదురింటి పంచలోంచి లేచొచ్చాడు. ఆయన మీద అరిచాను. ఊరంతా వినేట్టు అరిచాను. "ఎందుకు చేశావు పెద్దకాపూ? నేను ఆపమన్నానా? కాగితం మీద ఒక్క మాట చెప్పమంటే..."

"అరవబాక సారూ." ఆయన గొంతులో కోపం లేదు. "హక్కు లేదని గంగమ్మ ముందర చెప్పమన్నారు. ఉన్నింది లేదని ఆ తల్లి ముందర ఎట్ట చెప్పేది? రేపు ఆ తల్లి కడుపులోకి గదా మా బిడ్డలు పొయ్యేది? అందుకని ముందు లేకుండా చేసినాం. ఆనక చెప్పినాం. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు."

ఈ తేదీయే కదా అని ఆయన నోటరీ ముందు అడిగింది అప్పుడు గుర్తొచ్చింది. అబద్ధమాడాడని మెచ్చుకున్నానే, ఈయన్ని!

"సరే, కేసు అయిపోయింది. దురాయి ఎత్తెయ్యండి. మళ్లీ మొదలుపెట్టండి," అన్నాను.

"వాయిదా అయిపోయిందని గంగమ్మ ముందర పెట్టిన మాట వెనక్కి ఎత్తుకుంటామా? ఆ కంపినీవోళ్లు ఇంకా పైకోర్టుకి పోతారంట గదా. ఊళ్లో అన్ని పడవలకీ బ్యాంకోళ్లు బీమాలు కట్టించినారు. రేపు ఇంకో పడవ పోతే మళ్లీ ఆ దొరసాని రాసింది తీస్తారు గదా?"

ఫోన్లో ఆస్లౌగ్ ఏం జరుగుతోందో తెలియక, బుట్టలేవి, బుట్టలేవి అని అడుగుతూనే ఉంది. సుభాషిణి చెప్పలేక ఫోను ముందుకు తిప్పి వీధి చూపించింది. తెర మీద ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పోనీ ఇష్టమున్నవాళ్లు ఊరికే చేపలు ఇచ్చుకోవచ్చు కదా. దానికి అడ్డు లేదుగా?" అని చివరికి ఎట్లాగో అన్నాను.

"అడ్డు లేదు. ఇచ్చేవాళ్లు ఉండారు. నా కొడుకే చేపలు ఎత్తుకోని పోయినాడు, ముసలమ్మ దగ్గరికి." చిన్నపోలయ్య అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. "తీసుకునేవాళ్లే లేరు. పాలైతే తీసుకుంటారు, బిచ్చం ఎవురు తీసుకుంటారు సారూ?"

ముసలమ్మ ఇల్లు వీధి చివర. మేము అడగకుండానే కామమ్మ లేచి ముందు నడిచింది. పెంచలు ఆరోజు ఎవరి పడవలోనో పోయి తెచ్చిన తన పాలులోంచి ఆమె దోసెడు చేపలు పళ్లెంలో పెట్టుకుంది. ముసలమ్మ గడప పక్కన బుట్ట ఉంది. బోర్లించి ఉంది.

లోపలినుంచి ముసలమ్మ వచ్చింది. నేను ఆమె మొహం చూసి తల తిప్పుకున్నాను. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. ఇన్నేళ్లూ గాజులున్న చోట చర్మం తెల్లగా, లేతగా ఉంది.

"అత్తా, ఈ నాలుగు చేపలు..." అంది కామమ్మ.

"నీయా, నా పడవ పాలా?"

కామమ్మ పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది. ముసలమ్మ ఆమె చెయ్యి నిమిరి, పళ్లేన్ని మెల్లగా వెనక్కి నెట్టింది. తర్వాత సుభాషిణిని గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చి, ఆ ఫోను తెరలో నోరు నొక్కుకుని ఏడుస్తున్న తెల్లజుట్టు మనిషిని కాసేపు పరకాయించి చూసింది.

"వీళ్లతో కళ్లద్దాలాయన ఒకాయన వచ్చినాడే తల్లీ. నీ పడవ ఎప్పుడు మునిగిందని అడిగినాడే. పాపం, ఆరోజు ఊరికే తిట్టినా ఆయన్ని. ఇప్పుడు చెప్పు ఆయనకి. మొన్న అమాసనాడు మునిగిందని చెప్పు."